మందు సీసాకి పిల్లల డోసు వేరే ఉంటుంది, చిప్స్ ప్యాకెట్‌కి ఎందుకు లేదు?

మద్దిలపాలెం అమ్మ

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నం మద్దిలపాలెంలో ఒక మందుల షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. దగ్గు తగ్గడం లేదని ఈమధ్య వాణ్ణి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ వీపు మీద స్టెతస్కోపు పెట్టబోతూ చొక్కా కాలరు కిందికి లాగి, మెడ వెనక చూసి ఆగిపోయారు. "ఈ నలుపు ఎన్నాళ్ల నుంచి?" అన్నారు.

ఏడాదిన్నరగా ఉంది. మట్టి అనుకున్నాను. ఆదివారం తలంటు పోసినప్పుడల్లా సున్నిపిండి పెట్టి రుద్దేదాన్ని. వాడు "అమ్మా, మండుతోంది" అని ఏడిస్తే, ఒళ్లు సరిగ్గా తోముకోవని తిట్టి ఇంకాస్త రుద్దేదాన్ని. అది మట్టి కాదట. ఒంట్లో ఊరిన ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యక, శరీరం ఇంకా ఇంకా ఊరిస్తూ ఉంటే మెడ దగ్గరా చంకల్లోనూ చర్మం అలా నల్లగా, మందంగా అవుతుందట.

బరువు 41 కిలోలు, ఎత్తు 134 సెంటీమీటర్లు. టేపు పెట్టి నడుము కొలిస్తే 74. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదట, వాడికైతే 67. మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష 5.8 వచ్చింది. 5.7 నుంచే షుగర్‌కి ముందు మెట్టు. ఈ అంకెలు నాకు కొత్త కాదు, రోజూ షాపులో పెద్దవాళ్ల నోట వింటూనే ఉంటాను. తొమ్మిదేళ్ల పిల్లాడి పేరుతో ఉన్న కాగితం మీద చూడటం మాత్రం ఇదే మొదలు.

డాక్టరు గారు కోప్పడలేదు. "వారం పాటు వీడు తిన్నదీ తాగిందీ రాసుకు రండి, ఇంట్లోదీ బయటదీ" అన్నారు. షాపులో పాత బిల్లు పుస్తకం వెనక రాశాను. అన్నం, పప్పు, కూర నేను వండి పెట్టినవే. కానీ నేను రెండింటికి డ్యూటీకి వెళ్తే ఇంటికి వచ్చేది పదింటికి. నాలుగింటికి వాడు స్కూలు ఆటో దిగినప్పటి నుంచీ వేరే లోకం. వీధి చివర కొట్లో చిప్స్, ఐదున్నరకి ఇన్‌స్టంట్ నూడుల్స్, ట్యూషన్ నుంచి వస్తూ క్రీము బిస్కెట్లు. బుధవారం, శనివారం బండి మీద చికెన్ నూడుల్స్. మా అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేరు. వాడు అడిగితే ఇరవై రూపాయలు చేతిలో పెడతారు, మనవడి మీద ప్రేమతోనే. ఆదివారం మాల్‌లో బర్గర్ మాత్రం మేమే తినిపిస్తాం. వారమంతా సాయంత్రాలు వాడి దగ్గర ఉండలేకపోయానన్న బాధ నాది.

మొన్న ఆదివారం ఆ మాల్‌లో మొదటిసారి తలెత్తి బోర్డు మొత్తం చదివాను. ధర పక్కన సన్నటి అంకెల్లో కిలోకేలరీలు ఉన్నాయి. బర్గర్ 410, ఫ్రైస్ 320, కూల్‌డ్రింకు 140. మొత్తం 870. అడుగున ఒక వాక్యం ఉంది, చురుగ్గా ఉండే పెద్దవాళ్లకి సగటున రోజుకి 2000 కిలోకేలరీలు కావాలని. పెద్దవాళ్లకి! నా ముందు వరసలో ఉన్నవాళ్లలో సగం మంది పిల్లలే.

ఇంటికొచ్చి చిప్స్ ప్యాకెట్ తిప్పి చూశాను. అక్కడా అదే 2000 లెక్క.

మా షాపులో పారాసెటమాల్ సిరప్‌ 125 వేరు, 250 వేరు. ఎవరైనా అడిగితే పిల్లాడి వయసెంత, బరువెంత అని అడగకుండా ఇవ్వను. కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క కట్టి, ఎన్ని ఎం.ఎల్. పొయ్యాలో సీసా మీద పెన్నుతో రాసిస్తాను. తల్లులు ఫోన్ చేసి మరీ మళ్లీ అడుగుతారు. అంత జాగ్రత్త నెలకోసారి వేసే మందుకి. రోజూ తినే ప్యాకెట్‌ని పదకొండేళ్లలో ఒక్కసారి తిప్పి చూడలేదు. తిప్పి చూస్తే అందులో పిల్లల డోసు లేదు. బొమ్మలు, రంగులు, లోపల పెట్టే ఆటవస్తువు అన్నీ పిల్లల కోసం. లెక్క మాత్రం నలభై ఏళ్ల మనిషిది.

తెలిసినవాళ్లు చెప్పండి. ఆ పట్టికని తొమ్మిదేళ్ల పిల్లాడికి ఎలా మార్చి చదవాలి? బండి మీద తిండికి లేబులే ఉండదు, దాన్ని ఎలా అంచనా వెయ్యాలి? సాయంత్రం నాలుగింటికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కష్టపడకుండా పెట్టగలిగేది, వాడు వద్దనకుండా తినేది ఏముంటుంది?

గాజువాక ల్యాబ్

అమ్మా, నేను ప్యాకెట్ తినుబండారాలు తయారుచేసే ఒక యూనిట్‌లో పదిహేనేళ్లు క్వాలిటీ ల్యాబ్‌లో చేశాను. మీ డోసు మాట చదివాక ఊరుకోలేకపోయాను. ఆ పట్టికలు నింపినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ప్యాకెట్ వెనక కనిపించే శాతాలకి ఆధారం మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనలు. రోజుకి 2000 కిలోకేలరీలు, మొత్తం కొవ్వు 67 గ్రాములు, సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, పామాయిల్ లాంటివాటిలో ఎక్కువుండేది, 22, బయట నుంచి కలిపిన చక్కెర 50, సోడియం 2000 మిల్లీగ్రాములు అని పెట్టుకుని శాతం కడతాం. మీ బాబు వయసుకి, అంటే 7 నుంచి 9 ఏళ్లకి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో రోజుకి సుమారు 1700 కిలోకేలరీలు. పెద్దవాళ్లదాంట్లో 85 శాతం. కాబట్టి అన్నీ అదే పాళ్లలో తగ్గించండి. సంతృప్త కొవ్వు 19 గ్రాములు, కలిపిన చక్కెర 42, సోడియం 1700 మిల్లీగ్రాములు. సోడియంకి ఒక సులువుంది, ఎన్ని కిలోకేలరీలో అన్ని మిల్లీగ్రాములు. ఇవి చేరుకోవాల్సిన అంకెలు కావమ్మా, దాటకూడని గట్లు. చక్కెర విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట కూడా అంటుంది: వీలైతే రోజు శక్తిలో 5 శాతం లోపే ఉంచమని. మీ బాబుకి అది 21 గ్రాములు, అయిదు చెంచాలు. మీ డాక్టరు గారు కూడా ఈ రెండో అంకెనే పట్టుకోమంటారని నా నమ్మకం.

ఇప్పుడు కూల్‌డ్రింకు తీసుకోండి. కోలాల్లో 100 ఎం.ఎల్.కి చక్కెర 10.6 గ్రాముల దాకా ఉంటుంది. 250 ఎం.ఎల్. సీసా తాగితే 26 గ్రాముల పైన. లేబుల్ దాన్ని 53 శాతం అంటుంది. మీ బాబు లెక్కలో 63. అయిదు చెంచాల లెక్కలోనైతే ఆ ఒక్క సీసాతో ఆ రోజుదంతా అయిపోయి, మర్నాటిదాంట్లో కూడా కొంత వాడేసినట్టు.

అసలు మోసపోయేది "సర్వింగ్ సైజ్" దగ్గర. 52 గ్రాముల ప్యాకెట్ మీద ఒక సర్వింగ్ 20 గ్రాములని రాసి, శాతాలు ఆ 20 గ్రాములకే ఇస్తారు. ఏ పిల్లాడైనా ఆ ప్యాకెట్‌ని రెండున్నర రోజులు దాచుకుని తింటాడా? అందుకే ఆ శాతాల గడి మీద చెయ్యి పెట్టి మూసెయ్యండి. "100 గ్రాములకి" అన్న గడి చూసి, ప్యాకెట్ బరువుతో గుణించి వందతో భాగించుకోండి. నూడుల్స్ ఉన్నాయి కదా, నా బల్ల మీదున్న ప్యాకెట్‌లో 100 గ్రాములకి సోడియం 1180 మిల్లీగ్రాములు. ప్యాకెట్ 70 గ్రాములు. అంటే 826 మిల్లీగ్రాములు. మీ బాబు రోజంతా తినదగిన సోడియంలో సగం ఆ ఒక్క గిన్నెలోనే. దాన్ని ఉప్పుగా చూడాలంటే రెండున్నరతో గుణించండి, రెండు గ్రాములు దాటుతుంది. ఇంకా రాత్రి చారు, పచ్చడి, అప్పడం మిగిలే ఉన్నాయి.

పట్టిక కన్నా ముందు నేను చదివేది పదార్థాల జాబితా. ఏది ఎక్కువ బరువు వేస్తే అది ముందు రాయాలన్నది నిబంధన. మొదటి మూడింట్లో మైదా, చక్కెర, పామాయిల్ ఉంటే ప్యాకెట్ ముందు గోధుమ కంకుల బొమ్మ ఉన్నా, పాల గ్లాసు బొమ్మ ఉన్నా లోపలున్నది ఆ మూడే. ఇంకో కిటుకు కూడా ఉంది, నా కళ్లతో చూశాను. చక్కెర మొదటి పేరుగా రాకూడదనుకుంటే దాన్ని మూడు ముక్కలు చేస్తారు. కొంత చక్కెర, కొంత లిక్విడ్ గ్లూకోజు, కొంత ఇన్వర్ట్ సిరప్. విడివిడిగా ఒక్కొక్కటీ కిందికి జారిపోతుంది, కలిపితే అదే అన్నిటికన్నా పైన. డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ అన్న పేర్లు కనిపించినా చక్కెర చుట్టాలే అనుకోండి.

చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, సోడియం, సంతృప్త కొవ్వు, కేలరీలు హద్దు దాటితే ప్యాకెట్ ముందు ఎనిమిది పలకల నల్ల గుర్తు వేస్తున్నారు. చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతుంది. మన దగ్గర 2022లో ముసాయిదాగా వచ్చింది నక్షత్రాల పద్ధతి, అర నక్షత్రం నుంచి అయిదు దాకా. నాకు అది నచ్చలేదు. ఎంత చెడ్డ సరుకుకైనా ఒక నక్షత్రమో అరో దక్కుతుంది, నక్షత్రం చూస్తే పిల్లాడికి బహుమతిలా కనిపిస్తుంది. పిల్లలు తినేవాటి మీద నల్ల గుర్తే కావాలి. అది వచ్చేదాకా మీరు మీ బిల్లు పుస్తకం వెనక ఈ లెక్క రాసుకోక తప్పదు.

బీచ్ రోడ్డు

అక్కా, చదివి బాధేసింది, బాబు తొందరగా బాగుపడాలి. కానీ ఒక్క మాట. మేమూ చిన్నప్పుడు ఆర్కే బీచ్‌లో మూరీ మిక్స్చర్, బజ్జీలు, ఐస్‌క్రీములు అన్నీ తిన్నవాళ్లమే. మాకేమీ కాలేదు. పిల్లలకి ప్రతి ముద్దకీ లెక్క చెప్తే తిండంటేనే భయం పట్టుకుంటుంది.

మద్దిలపాలెం అమ్మ

తమ్ముడూ, నీ మాటలో నిజముంది. వాడి ముందు నేను అంకెలు మాట్లాడటం లేదు, బరువు అన్న మాటే ఎత్తడం లేదు. లెక్క నాకోసం.

కానీ మనం తిన్న మూరీ మిక్స్చర్ వారానికోసారి, బీచ్‌కి వెళ్తేనే. అందులో ఉన్నవి మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్లు, నిమ్మరసం. ఇసకలో చీకటి పడేదాకా పరిగెత్తి తిన్నాం. మా వీధిలో ఇప్పుడు ఆడుకోవడానికి జాగా లేదు, వాడు ట్యూషన్ నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని తింటాడు. రెండూ ఒకటి కావు.

ఇంకో సంగతి, మా షాపుదే. కొన్నేళ్లుగా ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ల పక్కనే ఓఆర్‌ఎస్ అన్న పేరు కలిపి పెట్టుకున్న తియ్యటి టెట్రా ప్యాకులు ఉండేవి. విరేచనాలతో నీరసపడిన పిల్లలకని తల్లులు వస్తే, పొడి కలపడం కష్టమంటే నేనే ఆ ప్యాకులు ఇచ్చాను. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీళ్లకి 13.5 గ్రాముల గ్లూకోజు, దానికి సరిపడా లవణాలు. ఆ ప్యాకుల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాల్లో అంత చక్కెర పడితే పేగుల్లోకి నీరు ఇంకా లాగి ఎక్కువవుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా కాని దేనిమీదా ఆ పేరు వాడకూడదని ఆదేశమిచ్చింది. అట్ట మీద మూడు అక్షరాలు నమ్మి ఎంతమంది పిల్లలకి ఇచ్చానో నాకు గుర్తుంది. అందుకే ఇప్పుడు లేబుల్ మాట ఎవరన్నా తేలిగ్గా తీసుకుంటే ఊరుకోలేను.

80 అడుగుల రోడ్డు బండి

అమ్మా, నమస్తే. నాది అక్కయ్యపాలెంలో నూడుల్స్ బండి. మా అబ్బాయి ఇది చదివి వినిపించాడు, నేను చెప్తుంటే వాడే రాస్తున్నాడు. మీరు బండి తిండికి లేబులు లేదన్నారు. నిజమే. నేను చెప్తాను, అదే లేబులు అనుకోండి.

ప్లేటు నూడుల్స్‌కి రెండు గరిటెల పామాయిల్. ఉప్పు ఓ చెంచాకి తక్కువ, టేస్టింగ్ సాల్ట్, అదే అజినోమోటో, అర చెంచా, సోయా సాసు, చిల్లీ సాసు. సోయా సాసులో ఉప్పుంటుందని చాలామందికి తెలీదు, అది ఉప్పు నీళ్లే అనుకోవాలి. మంచూరియా అయితే మైదా, కార్న్‌ఫ్లోర్ పిండిలో ముంచి నూనెలో వేపి, మళ్లీ సాసులో వేపుతాం. ఎర్రగా ఉండాలని రంగు. కుర్రోళ్ల కంటే వాళ్ల అమ్మానాన్నలే "కాస్త ఎర్రగా వెయ్యి బాబూ" అంటారమ్మా.

నూనె సంగతి చెప్పాలి. నేను మొదట్లో వేపిన నూనెని పారబొయ్యకుండా, మర్నాడు దాన్లోనే కొత్త నూనె కలిపేవాణ్ణి. అందరూ అలాగే చేసేవారు, నాకూ అదే పని నేర్పారు. ఒకసారి తనిఖీకి వచ్చినాయన థర్మామీటరు లాంటిది మూకుట్లో పెట్టి చూపించాడు. నూనె కాగి కాగి పాడైనదెంతో దాంట్లో అంకె వస్తుంది. 25 శాతం దాటితే వాడకూడదట. నాది దాటేసింది.

అయితే నేను మారింది ఆ మీటరు చూసి కాదు. నా కూతురికి అప్పుడు ఏడేళ్లు. నూడుల్స్ కావాలని ఏడిస్తే నేను వేరే చిన్న మూకుట్లో, కొత్త నూనెలో, రంగూ టేస్టింగ్ సాల్టూ లేకుండా చేసి పెట్టేవాణ్ణి. ఒకరోజు నా భార్య చూసి, "మన పిల్లకి అదెందుకు, ఊళ్లో పిల్లలకి ఇదెందుకు?" అంది. నా దగ్గర మాట లేదు. ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇప్పుడు రంగు మానేశాను. టేస్టింగ్ సాల్ట్ అడిగినవాళ్లకే. వేపిన నూనె మర్నాటికి ఉంచను, పాత నూనె బయోడీజిల్‌కి కొనేవాళ్లుంటారు, వాళ్లకి పోస్తాను. ప్లేటుకి పది రూపాయలు పెంచాల్సి వచ్చింది. కొంతమంది పక్క బండికి వెళ్లిపోయారు, కొంతమంది ఉన్నారు.

మీరు ఏ బండికి వెళ్లినా మూకుడు వేడెక్కక ముందే చెప్పండి: నూనె ఒక గరిటె చాలు, రంగొద్దు, టేస్టింగ్ సాల్టొద్దు, సోయా సాసు సగం, క్యాబేజీ, క్యారెట్టు, బీన్సు ఎక్కువ వెయ్యమని. గుడ్డు వేయించండి. పిల్లాడికి సగం ప్లేటు. వేపుడు నూనె రంగు చూడండి, కాఫీ రంగులో ఉండి, నురగ కట్టి, పొగ వస్తుంటే అక్కడ తినొద్దు. చెప్తే విసుక్కునే బండి దగ్గరకి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. మాలో చెప్పించుకునేవాళ్లు కూడా ఉన్నారమ్మా.

గాజువాక ల్యాబ్

అన్నా, మీరు రాసింది చదివి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఒక్కటి కలుపుతాను. టేస్టింగ్ సాల్ట్‌ని జనం విషమంటారు, అంత మాట అక్కర్లేదు. బరువుకి బరువు చూస్తే దాంట్లో సోడియం మామూలు ఉప్పులో మూడో వంతే. చిక్కేమిటంటే అది ఉప్పుకి బదులు పడటం లేదు, ఉప్పు మీద, సాసు మీద అదనంగా పడుతోంది. రంగు విషయంలో మాత్రం మీరు చేసిందే సరైనది. 2024లో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది, పీచు మిఠాయిలో రోడమిన్-బి వాడకాన్నీ నిషేధించింది. రోడమిన్-బి బట్టలకి అద్దే రంగు. ఆ ఏడాదే తమిళనాడులో పీచు మిఠాయి అమ్మకమే ఆపారు. మన బీచ్‌లో ముదురు గులాబీ పీచు మిఠాయి కనిపిస్తే నా మనవరాలికి నేను కొనను.

సీతమ్మధార టీచర్

మద్దిలపాలెం అమ్మా, మీ బాబు ఒక్కడే కాదు. కేంద్రం 2016–18లో చేయించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో పది మందికి ఒకరు షుగర్ ముందు మెట్టు మీద ఉన్నట్టు తేలింది. మా తరగతిలో నలభై మంది. ఆ లెక్కన నలుగురు. ఎవరి మెడలు నల్లగా ఉన్నాయో ఇప్పుడు నాకు కనిపిస్తున్నాయి, ఇన్నాళ్లూ చూసీ చూడలేదు.

సీబీఎస్ఈ 2025 మేలో బడుల్లో షుగర్ బోర్డులు, అంటే ఏ తిండిలో ఎంత చక్కెరుందో చూపే బోర్డులు, పెట్టమంది. మేం అట్ట మీద బొమ్మలు గీయించకుండా సైన్స్ ల్యాబ్ త్రాసు తెచ్చాం. పిల్లలే కోలా లేబుల్ చదివి 26 గ్రాముల పంచదార తూచి, చిన్న కవరులో పోసి ఖాళీ సీసా పక్కన వేలాడదీశారు. మామిడి రసం ప్యాకుకీ అలాగే. ఒక పాప ఆ పంచదార నోట్లో పోసుకుని తినగలరా అని అడిగితే ఎవరూ ముందుకి రాలేదు.

ఇంకొకటి. పిల్లల బడుల ఆహారం మీద 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువుండేవి బడి క్యాంటీన్లో అమ్మకూడదు, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదు. నేను ఆటల పీరియడ్ టేపు తీసుకుని కొలిచాను. మా గేటు నుంచి మొదటి కొట్టు 31 మీటర్లు. ఆ కొట్టాయనకి ఇద్దరు పిల్లలు, బతుకుతెరువు అదే. కొట్టు తీయించమని అడగడానికి నాకు మనసు రాలేదు. ముందు వరసలో ఉడికించిన పల్లీలు, అరటిపళ్లు, మొక్కజొన్న పొత్తులు పెట్టమని అడిగాను. పల్లీలు పెట్టాడు, అమ్ముడవుతున్నాయి. చిప్స్ దండలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. తల్లిదండ్రుల సమావేశంలో మళ్లీ ఎత్తుతాను.

భీమిలి మామ్మ

అమ్మాయ్, నీ మూడో ప్రశ్నకి నేను చెప్తాను. మీ అత్తగారు నిలబడనక్కర్లేదు. పొద్దున్న నువ్వే చోడి అంబలి కాచి పెట్టు. చోళ్లంటే రాగులేలే. రాత్రే పిండి నానబెట్టుకుంటే పావుగంట పని. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, కాసింత ఉప్పు. సాయంత్రం గ్లాసులో పోసి ఇస్తే చాలు. వంద గ్రాముల చోళ్లలో సున్నం 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, మీ భాషలో కాల్షియం. వాడు పుల్లన వద్దంటే మొదటి వారం పల్చగా చేసి ఇయ్యి.

కుక్కర్లో పొద్దున్నే బొబ్బర్లో, శనగలో, ఉలవలో ఉడికించి ఉంచు. సాయంత్రం తాలింపు కూడా అక్కర్లేదు, నిమ్మకాయ పిండి కొత్తిమీర చల్లితే గుగ్గిళ్లు. చలికాలం తేగలు, వేసవిలో ముంజెలు. ఎంవీపీ రైతు బజార్లో అన్నీ దొరుకుతాయి. సున్నుండలు, బెల్లం అచ్చులు మంచివే కదా అని రోజూ పెట్టకు, బెల్లం కూడా తీపే. పండక్కి పెట్టు, కడుపునిండా పెట్టు.

ఇంకోటి, మీ అత్తగారిని ఏమీ అనకు. ఆ ఇరవై రూపాయలు ఆవిడే ఇవ్వాలి, దాంతో ఏం కొనాలో మాత్రం ఇద్దరూ మాట్లాడుకోండి.

మద్దిలపాలెం అమ్మ

అందరికీ పేరుపేరునా చెప్పలేకపోతున్నాను, ఏడు వారాలయింది మళ్లీ రాసి.

మామ్మ గారూ, అత్తయ్య గారితో మాట్లాడాను. మెడ సంగతి చెప్తే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. "నేనిచ్చిన డబ్బులేనా అమ్మా?" అన్నారు. కాదు, మనందరిదీ అన్నాను. ఇప్పుడు ఇరవై రూపాయలు అలాగే ఇస్తున్నారు, వాటితో వాడు కొట్లో ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు కొంటాడు. అంబలి మొదటి నాలుగు రోజులు తాగలేదు. అయిదో రోజు మజ్జిగ ఎక్కువ పోసి చల్లగా ఇస్తే తాగాడు. బొబ్బర్ల గుగ్గిళ్లు బాగా ఇష్టపడుతున్నాడు. ఉలవలు ముట్టడు.

కూల్‌డ్రింకులు ఇంట్లోకి రావడం లేదు. పెదవాల్తేరులో మా చిన్నాన్న గారింట్లో పెళ్లికి వెళ్తే అక్కడ రెండు గ్లాసులు తాగాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. బర్గర్ మానలేదు, నెలకోసారి చేశాం. ఒక్కటి, ఫ్రైస్ లేకుండా, నీళ్లతో. మిగతా ఆదివారాలు పొద్దున్నే వాణ్ణి బీచ్ రోడ్డుకి తీసుకెళ్తున్నాం. తెల్లవారుజామున ఆ రోడ్డు మీదికి బళ్లు రానివ్వరు కాబట్టి సైకిలు వదిలేస్తున్నాం. డాక్టరు గారు రోజుకి గంట ఆట అన్నారు. మిగతా రోజుల్లో గంట కుదరడం లేదు, అరగంట దాకా వస్తోంది.

బండన్నా, మీ బండి వెతుక్కుంటూ అక్కయ్యపాలెం వచ్చాం. మీకు చెప్పలేదు. ఒక గరిటె నూనె అనగానే మీరు తల ఊపి ఇంకేమీ అడగలేదు, గుడ్డు మాత్రం మీరే రెండోది కొట్టారు.

మా షాపులో కౌంటరు మీద బిస్కెట్లు, పాలల్లో కలిపే పొడులు ఉంటాయి. గాజువాక ల్యాబ్ గారి లెక్క అట్టముక్క మీద రాసి వాటి పక్కన నిలబెట్టాను. ఓనరు గారు రెండు రోజులు చూసి, బేరాలు పోతాయేమో అన్నారు. తీసెయ్యమని మాత్రం అనలేదు. నిన్న ఒకావిడ అది చదివి, మా పాపకి అయిదేళ్లు, మరి దానికెంత అని అడిగింది. అది నేను రాయలేదు. నిలబడి అక్కడికక్కడే కట్టాను. ల్యాబ్ గారూ, సరిచూడండి. 4 నుంచి 6 ఏళ్లకి 1360 కిలోకేలరీలు. సోడియం 1360 మిల్లీగ్రాములు, ఉప్పులో 3.4 గ్రాములు. సంతృప్త కొవ్వు 15 గ్రాములు. కలిపిన చక్కెర 34 దాటకూడదు, 17 లోపు ఉంటే మంచిది. సరే అంటే రేపు పొద్దున్న అట్ట మీద రెండో గడి గీస్తాను. బాబు రక్తపరీక్ష మళ్లీ మూడో నెల నిండాక, ఇంకా అయిదు వారాలుంది.

గాజువాక ల్యాబ్

సరిగ్గా కట్టారమ్మా. గీయండి. 17 గ్రాములంటే నాలుగు చెంచాలని పక్కన రాయండి, గ్రాములు చాలామందికి అందవు.